నిండు చార్జింగుతో బయలుదేరి గిర్ని దగ్గర ఆగిన కారు

ఎంతిస్తది?

కరీంనగర్‌లో ఒక కార్ల షోరూంలో సర్వీస్ కౌంటర్ మీద పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. మా ఉద్యోగాన్ని సర్వీస్ అడ్వైజర్ అంటారు. పేరు ఘనంగా ఉంటుంది కాని పని ఒక్కటే. కారు మీద కోపంతో వచ్చిన మనిషిని, కారు తయారయ్యేదాకా కుర్చీలో కూర్చోబెట్టడం. కారును బాగుచేసేవాళ్లు వెనక షెడ్డులో ఉంటారు. మనిషిని బాగుచేసే పని మాది.

మా బాపు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండర్. "రోగి చెప్పేది మొత్తం ఇను. నడుమల మందు పేరు చెప్పకు" అంటుండేవాడు. కంపెనీ వాళ్లు నాకు చాలా శిక్షణలు ఇచ్చారు. ఏసీ గదుల్లో కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి మరీ ఇచ్చారు. బాపు చెప్పిన ముక్కకు మించి అక్కడ ఎవరూ చెప్పలేదు.

డీజిల్ కాలంలో మా పని సులువుగా ఉండేది. వచ్చినవాళ్లు "లీటరుకు ఎంతిస్తది?" అనేవాళ్లు. మేం ఇరవై అంటే వాళ్లు పదిహేను అని వినేవాళ్లు. చెప్పేవాడికీ వినేవాడికీ నడుమ ఒక మర్యాద ఉండేది. కరెంటు కార్లు వచ్చాక ఆ మర్యాద పోయింది. ఇప్పుడు అడిగేది "ఎంత దూరం పోతది?" అని. జవాబు మేం చెప్పక ముందే స్టీరింగు వెనకాల తెర మీద వెలుగుతూ ఉంటుంది. మనిషి నోటితో చెప్పింది సగమే నమ్మేవాడు కూడా, దీపం పెట్టి రాసింది మాత్రం పూర్తిగా నమ్ముతాడు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. రెండొచ్చాయి, రెంటిలోనూ కథ లేదు. కథ ఉన్నది ఆదిలాబాద్ పటేల్‌గారి కారులో.

పుస్తకంలో ఒకటి, తెర మీద ఒకటి

ముందు ఒక సంగతి చెప్పాలి. కారుతోపాటు ఇచ్చే రంగుల పుస్తకంలో, నిండా చార్జింగు పెడితే ఇన్ని కిలోమీటర్లు అని పెద్ద అక్షరాలతో ఒక అంకె ఉంటుంది. దాన్ని ఎలా తేలుస్తారంటే, ఒక గదిలో రోలర్ల మీద కారు నిలబెట్టి చక్రాలు తిప్పుతారు. అక్కడ ఎండ లేదు, ఎదురుగాలి లేదు, ఏసీ లేదు, ఎత్తు లేదు, వెనక సీట్లో చుట్టాలు లేరు. ఆ అంకె అబద్ధం కాదు. ఆ గదిలో కాపురం ఉండేవాళ్లకు అది అక్షరాలా నిజం.

తెర మీది అంకె ఇంకో రకం. నిన్నటిదాకా మీరు ఎలా నడిపారో చూసి, రేపటికి అది చెప్పే జోస్యం. మెల్లగా నడిపినవాడికి ఎక్కువ చెబుతుంది. దూకించి నడిపినవాడికి తక్కువ చెబుతుంది. రేపు మీరు ఎక్కబోయే గుట్ట సంగతి దానికి తెలియదు.

మా యజమాని మాధవరావు సార్‌కు ఈ తేడాలు పట్టవు. ఆయన ట్రాక్టర్లు అమ్మి పైకొచ్చిన మనిషి. చేతికి ఎముక లేదు, మాటకు బ్రేకు లేదు. అచ్చులో ఏముంటే అదే సత్యం ఆయనకు. షోరూంలో కరెంటు కార్ల విభాగం పెట్టిన రోజే ఆ అంకెను గోడ మీద మనిషెత్తున రాయించాడు. "సార్, కింద చిన్న అక్షరాలతో షరతులు కూడా రాయిద్దాం" అన్నాను. "చిన్నక్షరాలు ఎవలు సదువుతరు సుగుణమ్మా, రంగు దండుగ" అన్నాడు.

పటేల్‌గారు వచ్చింది ఆ గోడ చూసుకుంటూనే. కిషన్ పటేల్ అంటే ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లు ఉన్న మనిషి. రైతుల దగ్గర పత్తి కొని, గింజ తీసి, దూది బేళ్లు కట్టించి అమ్ముతాడు. ఆదిలాబాద్ వైపు మా దగ్గర కరెంటు కారు కొన్న మొదటి మనిషి ఆయనే. కొన్న కొన్నాళ్లకే మళ్లీ వచ్చి, కౌంటర్ ముందు నిలబడి, గోడ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

"నాలుగు నూర్ల యాభై అన్నరు. నాకు రెండు నూర్ల ముప్పైకే పండుకుంటున్నది. మిగిలిన రెండు నూర్ల ఇరవై ఏడ వెట్టిండ్రు?"

"కూర్చోండి పటేల్ సాబ్, మంచినీళ్లు..."

"నీళ్లద్దు. నా కిలోమీటర్లు నాకియ్యుండ్రి." వంగి కౌంటర్ కింద కూడా చూశాడు. "స్టాక్‌ల లెవ్వా?"

నేను బాపు మాట ప్రకారం వింటూ కూర్చున్నాను. ఆయనకు ఇంకో పది నిమిషాలు మాట్లాడనిస్తే చల్లబడేవాడు. అంతలో రావు సార్ గదిలోంచి బయటికి వచ్చాడు.

"పటేల్ సాబ్, బండిల తప్పు లేదు. తొక్కే కాలుల ఉన్నది."

పటేల్‌గారి మిల్లులో ఎంతోమంది పనిచేస్తారు. అంతమందిలో ఆయన కాలి గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడి ఉండరు. ఆయన మొహం ఎర్రబడింది.

"అరె బాబా, గట్లనా? అయితే గీ బండి మీ షోరూంలనే ఇడిచిపెట్టి పోత. మా మార్కెట్ యార్డుల ఆరుగురు దోస్తులు నా మాట కోసమే ఆగిండ్రు. కొనమంటే కొంటరు, అద్దంటే అద్దంటరు."

ఆ ఆరుగురి సంగతి మాకూ తెలుసు. వాళ్లు వెనక్కి పోతే కొత్తగా పెట్టిన కరెంటు విభాగం మూతపడేదే. దానికోసం ముగ్గురు పిల్లల్ని శిక్షణకు పంపి తెచ్చుకున్నాం. వాళ్లకు మళ్లీ ఎక్కడ చోటు చూపించాలో నాకు తోచలేదు. రావు సార్‌కూ అదే తోచి ఉండాలి. అందుకే గొంతు తగ్గించి, "ఒక పని చేద్దాం. ఇక్కడ నిండ చార్జింగు వెట్టి ఆదిలాబాద్ దాక పోదాం. పోతే నా మాట, ఆగితే మీ మాట. సాక్షికి సుగుణమ్మ" అన్నాడు.

కారు మూడు రోజులు మా దగ్గరే ఉంచి పటేల్‌గారు బస్సులో వెళ్లిపోయాడు.

కారుకు చదువు చెప్పడం

ఆ మూడు రోజులు రావు సార్ ఆ కారుకు చదువు చెప్పాడు. తెల్లవారకముందే లేచి, కరీంనగర్ గల్లీల్లో మనిషి నడకంత వేగంతో తిప్పాడు. ఏసీ లేదు, పాట లేదు. పాలవాళ్లు సైకిళ్ల మీద దాటేసి, వెనక్కి తిరిగి "సార్, బండి ఖరాబైందా?" అని అడిగేవాళ్లు. మూడో రోజు నిండా చార్జింగు పెడితే తెర మీద నాలుగు వందల అరవై వచ్చింది. పుస్తకం కంటే కూడా పది ఎక్కువ. రావు సార్ ఫోటో తీసుకుని, కారుకు బంతిపూల దండ వేయించాడు.

"సార్, అది మీ గల్లీ తిరుగుడు చూసి చెప్తున్నది. రోడ్డెక్కినంక మర్చిపోతది" అన్నాను.

"మంచి మాట చెప్తున్నప్పుడు నమ్మాలె సుగుణమ్మా. అడ్డం తిరుగొద్దు."

తర్వాత బరువు తగ్గించే పని మొదలుపెట్టాడు. స్టెప్నీ తీయించాడు. కాళ్ల కింది మ్యాట్లు తీయించాడు. చివరికి కారుతోపాటు వచ్చే చార్జింగు కేబులు కూడా దించమన్నాడు. "కేబుల్ తీస్కపోవుడంటే బండిని అవమానించుడే" అన్నాడు. కేబులు చుట్టచుట్టి నా పెద్ద సంచీలో పెట్టి, పైన టిఫిను డబ్బా పెట్టి, కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఈ ఉద్యోగంలో యజమానికి ఎదురు చెప్పాల్సిన సందర్భాలు తక్కువ. పెద్ద సంచీ ఉండాల్సిన సందర్భాలు ఎక్కువ.

నాలుగో రోజు పొద్దున్నే పటేల్‌గారు వచ్చాడు. వెంట ఆయన భార్య శాంతాబాయి. ఇద్దరూ ముందురోజు వచ్చి కరీంనగర్‌లో ఆమె చెల్లెలి ఇంట్లో దిగారట. చెల్లెలు వట్టి చేతులతో పంపలేదు. రెండు జాడీల మామిడికాయ తొక్కు, ఒక బస్తా పసుపు, ఒక రుబ్బురోలు.

రావు సార్ రుబ్బురోలు వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. మూడు మ్యాట్లు తీసి మిగిల్చిన బరువు మీద అది కూర్చుంది.

"బాయీ, గిది... బస్సుల పంపొచ్చు గదా?"

"కారు ఉండంగ బస్సెందుకు?" అంది శాంతాబాయి. రావు సార్ తనే వెళ్లి డిక్కీ తెరిచాడు. ఎందుకంటే ఆ మాట మా షోరూం ప్రకటనలోనిదే.

కొండగట్టు లాభం

ఒప్పందం ప్రకారం నిర్మల్ దాకా రావు సార్, అక్కడి నుంచి పటేల్‌గారు నడపాలి. వెనక సీట్లో శాంతాబాయి, నేను. మా నడుమ తొక్కు జాడీలు. ఎండాకాలం, ఏసీ బంద్. సరే, కిటికీ దించుదామంటే రావు సార్ ఒప్పుకోలేదు. "కిటికీ తెరిస్తే గాలి లోపలికొచ్చి బండిని ఎనుకకు గుంజుతది" అన్నాడు. అది కొంత నిజమే. కాని కారు ముందుకు పోతే మాత్రం ఏం, లోపలివాళ్లు ఉడికిపోయాక? శాంతాబాయి రంగుల పుస్తకం తీసుకుని విసురుకోవడం మొదలుపెట్టింది. "కాయితం మందంగున్నది, మంచిగ గాలొస్తున్నది" అని మెచ్చుకుంది. ఆ పుస్తకాన్ని ఆ రోజు ఒప్పుకున్నది ఆమె ఒక్కతే.

కొండగట్టు దగ్గర ఆగాలంది. ఆంజనేయస్వామికి మొక్కు ఉందట. గుట్ట మీదికి రోడ్డు ఉంది, మెట్లూ ఉన్నాయి. రావు సార్ మెట్ల వైపు ఆశగా చూశాడు.

"నడిచి పోతే పుణ్యం ఎక్కువంటరు బాయీ..."

"దేవుని కాడ గూడ లెక్కనా రావు సాబ్?" అన్నాడు పటేల్‌గారు.

కారు గుట్ట ఎక్కింది. ఎక్కుతున్నంతసేపూ రావు సార్ తెర వంక చూడలేక, రోడ్డు వంక చూస్తూ స్వామి నామం చెప్పుకున్నాడు. దిగేటప్పుడు మాత్రం చూశాడు. దిగుతుంటే అంకె పెరుగుతోంది. ఒకటి, రెండు, మూడు...

"చూసినవా సుగుణమ్మా! స్వామి ఇస్తుండు!"

"సార్, దిగేటప్పుడు చక్రాల జోరుకు బ్యాటరీలకు కొంచెం కరెంటు ఎనుకకు వస్తది. ఎక్కేటప్పుడు పోయిన దాంట్ల అది నాలుగో వంతు గూడ కాదు."

ఆయన మొదటి వాక్యం మాత్రమే విన్నాడు. కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పేది ఇదే. రెండు వాక్యాల్లో చెప్పే సంగతి ఉంటే, చేదుగా ఉండేదాన్ని ముందు చెప్పండి.

జగిత్యాల దాటాక అసలు రోడ్డు వచ్చింది. గల్లీల్లో నేర్చుకున్న చదువంతా కారు మర్చిపోయింది. మేం ఒక కిలోమీటరు పోతే తెర మీద రెండు తగ్గుతున్నాయి. రావు సార్ ఇంకా మెల్లగా నడిపాడు. వరిగడ్డి ట్రాక్టరు ఒకటి మమ్మల్ని దాటేసింది. దాని మీద పడుకున్న మనిషి లేచి కూర్చుని మరీ చూశాడు. ఒక దశలో రావు సార్ మమ్మల్ని మాట్లాడవద్దన్నాడు. మాటకూ కరెంటుకూ సంబంధం ఏమిటని పటేల్‌గారు అడిగితే, "ఏమో సాబ్, ఏ పుట్టల ఏ పాముందో" అన్నాడు.

దిగితే పెరుగుతది

నిర్మల్‌లో పటేల్‌గారు స్టీరింగు అందుకున్నాడు. అప్పటికే తెర మీది అంకె తగ్గి, ఆదిలాబాద్ చేరడానికి కావలసిన దూరం కంటే కాస్తే ఎక్కువగా ఉంది. నిర్మల్ దాటాక ఘాటు రోడ్డు. మలుపులు, అడవి, ఎత్తు. పటేల్‌గారు తన కాలితో తను తొక్కాడు. ఘాటు మీదికి ఎక్కేసరికి అంకె సగానికి సగం పడిపోయింది.

నిజానికి పటేల్‌గారు సంతోషించాలి. ఆయన మాటే నెగ్గబోతోంది. కాని ఆయన మొహంలో సంతోషం లేదు. తన మాట నెగ్గాలంటే ఆ ఎండలో, ఆ అడవిలో, భార్యతోనూ రుబ్బురోలుతోనూ రోడ్డు మీద నిలబడాల్సింది తనేనని ఆయనకు అప్పుడే తట్టినట్టుంది.

"రావు సాబ్, ఎట్ల?"

రావు సార్ వెనక్కి తిరిగి, మేం ఎక్కివచ్చిన రోడ్డు వంక చూశాడు. తర్వాత ఆయన కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. గోడ మీద అంకె రాయించిన రోజు కూడా అలాగే మెరిశాయి.

"కొండగట్టు కాడ ఏమైంది? దిగితే పెరిగింది. ఎనుకకు మలుపు సాబ్. ఘాటు దిగుదాం. పెంచుకొని మల్ల వద్దాం."

"సార్!" అన్నాను. "దిగినంక మల్ల ఎక్కాలె గద!"

"నువ్వాగు సుగుణమ్మా."

పొద్దుటినుంచి ప్రతి మాటకూ కొట్లాడుకున్న ఇద్దరు పెద్దమనుషులు మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు. శాంతాబాయి నిద్రలో ఉంది. కారు వెనక్కి తిరిగింది. దిగుతుంటే అంకె పెరిగింది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. కింద కారు మళ్లీ తిప్పి ఎక్కడం మొదలుపెట్టారు. పెరిగినవి మొదటి మలుపులోనే పోయాయి. మిగతా మలుపుల్లో పాతవి పోయాయి. పైకి చేరేసరికి తెర మీద అంకె మాయమై దాని చోట తాబేలు బొమ్మ వచ్చింది.

"గిదేంది?" అన్నాడు పటేల్‌గారు.

"శక్తి అయిపోతున్నప్పుడు వస్తది పటేల్ సాబ్. ఇగ మెల్లగనే పోతది."

"తాబేలు గెలుస్తది గద కథల?" అన్నాడు రావు సార్, ఆశ చావక.

అప్పుడే శాంతాబాయి లేచింది. కిటికీలోంచి చూసి, "అహో, గీ ఘాటు ఇందాక దాటినం గద?" అని భర్తను అడిగింది. ముందు సీట్లో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

గిర్ని దగ్గర

తాబేలు మమ్మల్ని నేరడిగొండ దాటించి, బోథ్ వైపు రోడ్డు చీలే చోటుకు ఇవతల ఒక ఊరి మొదట్లో వదిలేసింది. అక్కడ కనపడింది ఒక గిర్ని. పిండి మరను ఆ వైపు గిర్ని అంటారు. ఎండాకాలం కదా, ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి ఆడవాళ్లు మిర్చి సంచులతో వరుసగా కూర్చుని ఉన్నారు. మనుషులు చాలక కొందరు తమ బదులు డబ్బాలను కూడా వరుసలో పెట్టారు. మేం నలుగురం కలిసి కారును అక్కడిదాకా తోశాం. నలుగురం అంటే ముగ్గురం. రావు సార్ తోస్తూనే తుమ్ముతున్నాడు. ఆ ఊరి గాలి నిండా కారమే.

నేను సంచీలోంచి కేబులు తీశాను. రావు సార్ దాన్ని చూసి ఏదో అనబోయి, తుమ్మాడు. ఆ తుమ్మును నేను కృతజ్ఞతగానే తీసుకున్నాను.

గిర్ని యజమాని పోచన్న కళ్లద్దాలు పైకెత్తి కారు చుట్టూ తిరిగాడు.

"కరెంటు వెడతర? నా దగ్గర పెద్ద ప్లగ్గు ఒక్కటే ఉన్నది. కారం మరది. అది బంద్ వెట్టాలె."

వరుసలో మొదట కూర్చున్న ముసలామె లచ్చవ్వ లేచి నిలబడింది. "బంద్ వెట్టుడేంది? పొద్దుగాల్నుంచి కూసున్నం. కారైతేంది, కచ్చురం బండైతేంది, వరుసల నిలవడాలె."

పోచన్న మా వంక చూసి భుజాలు ఎగరేశాడు. "న్యాయం గట్లనే ఉంటది సారూ. ఇంకొక మాట. మా గిర్నిల కిలో లెక్క. మీ కారు ఎన్ని కిలోలు?"

అలా మా కారు ఒక రేకు డబ్బాకూ ఒక గోనెసంచికీ నడుమ వరుసలో నిలబడింది. డబ్బా ముందుకు జరిగితే మేమూ తోసి ముందుకు జరిపాం. వంతు వచ్చాక ఆడవాళ్లు పంచాయితీ పెట్టి, భోజనాల వేళనుంచి ఎండ తగ్గేదాకా మర ఎలాగూ ఆపుతారు కాబట్టి ఆ ఆగే సమయం కారుకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

ప్లగ్గు పెట్టాను. కేబులు డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. ఎర్తు సరిగా లేకపోతే ఈ కార్లు కరెంటు తీసుకోవు. ఆ మాటే చెప్పాను.

"ఎర్తు గుంత ఎండింది కావొచ్చు" అన్నాడు పోచన్న. "నీళ్లు పొయ్యాలె. బోరింగు అగో, అక్కడున్నది."

బోరింగు కాస్త దూరం. బిందెలు లచ్చవ్వ ఇచ్చింది. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లు యజమాని, కరీంనగర్ కార్ల షోరూం యజమాని, చెరొక బిందె భుజాన పెట్టుకుని, తెల్ల చొక్కాలు తడుపుకుంటూ ఎర్తు గుంతలో నీళ్లు పోశారు. "ఇంకొక్క బిందె!" అని ఆడవాళ్లు అరుస్తున్నారు. ఎన్నో బిందెకో దీపం పచ్చబడింది. వరుస మొత్తం చప్పట్లు కొట్టింది. రావు సార్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు. తుమ్ముతూనే నవ్వాడు.

కాని మనుషులు నీడలో కూర్చుని కాస్త ఊపిరి తీసుకుంటే పాత కొట్లాట గుర్తొస్తుంది.

"నా మాటే నెగ్గింది రావు సాబ్. ఆదిలాబాద్ రాలే."

"నువ్వు ఘాటుల తొక్కిన తొక్కుడుకు విమానమైనా ఆగుతుండె."

"మల్ల నా కాలు మీదికే వస్తున్నవా?"

శాంతాబాయి పసుపు బస్తా మీద కూర్చుని ఉంది. విసురుకునే పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

"అహో, ఒక మాట అడుగుత. మన మిల్లుకు రైతు క్వింటా పత్తి తెస్తడు. మీరేం చేస్తరు?"

"తూకమేస్త."

"అటెనుక?"

పటేల్‌గారు తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"తేమ ఉన్నదని కోస్తరు. చెత్త ఉన్నదని కోస్తరు. మిషన్ల ఏస్తే గింజ పోతది. క్వింటా పత్తికి దూది ఎంతొస్తది?"

"మూడో వంతు" అన్నాడు పటేల్‌గారు, చాలా మెల్లగా.

"క్వింటా పత్తి తెచ్చిన, నా క్వింటా దూది ఏది అని ఏ రైతన్న మీ కౌంటర్ కింద వంగి చూసిండా? గీ పుస్తకంల రాసింది పత్తి. మీకొచ్చింది దూది. నడుమల ఎండ కొంత కోసింది, ఘాటు కొంత కోసింది, నా చెల్లె రుబ్బురోలు కొంత కోసింది. గందుల కొట్లాటేముంది?"

వరుసలోంచి ఒక పడుచు గొంతు లేచింది. "బాయీ, మా పత్తి గూడ మీ మిల్లుకే ఏస్తం. తేమ జర తక్కువ కొయ్యుమనుండ్రి!" అందరూ నవ్వారు. పటేల్‌గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడవడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

శాంతాబాయి అంతటితో ఆగలేదు. నా వైపు తిరిగింది. "పొద్దుగాల్నుంచి ఇద్దరు మొగోళ్లు ఒర్రుతుండ్రు. పనిచేసేదానివి నువ్వు. నిన్నొక్కలు గూడ అడగలే. గీ బండి ఎంత దూరం పోతది?"

రావు సార్ నా వంక చూశాడు. నేను ఆయన వంక చూడకుండా చెప్పాను. "ఎండాకాలం, ఏసీ ఏసుకొని, నలుగురు మనుషులు, సామాను, పెద్ద రోడ్డు మీద మామూలు జోరైతే, పుస్తకంల ఉన్నదాంట్ల సగం కన్నా జర ఎక్కువ. ఊర్ల మెల్లగ తిరిగితే మూడొంతులు. అంతకుమించి చెప్పినోళ్లను నమ్మకుండ్రి."

"గా ముక్క కొన్ననాడే చెప్తే అయిపోతుండె గద!" అన్నాడు పటేల్‌గారు.

"చెప్తే కొంటుంటివా?" అన్నాడు రావు సార్.

పటేల్‌గారు నిజంగానే ఆలోచించాడు. "కొంటుంటి. కిలోమీటర్లు ఏవని మీ కౌంటర్ కింద వంగకపోతుంటి."

ఈలోపు రోడ్డు మీద ఆదిలాబాద్ బస్సు కనపడింది. శాంతాబాయి లేచి చెయ్యెత్తింది. బస్తా, జాడీలు, రుబ్బురోలు అన్నీ బస్సెక్కాయి. కండక్టరు రుబ్బురోలు ఎత్తుతూ ఏదో గొణిగాడు. ఆమె కిటికీలోంచి మాకు చెయ్యి ఊపి, "మెల్లగ రాండ్రి, నేను పోయి రొట్టెలు చేస్త" అంది.

ఆదిలాబాద్‌లో ఆరుగురు

గిర్ని కరెంటు తిని కారు లేచేసరికి పొద్దు వాలింది. ఆదిలాబాద్ చేరేసరికి పటేల్‌గారి ఇంటి అరుగు మీద ఆ ఆరుగురూ ఉన్నారు. మధ్యాహ్నం యార్డులో చూసి చూసి, ఇక్కడికి వచ్చి కూర్చున్నారట. లోపలినుంచి జొన్నరొట్టెల చప్పుడు వస్తోంది.

"కాయ్ ఝాలా పటేల్? బండి వచ్చిందా, తెచ్చిండ్రా?" అన్నాడు ఒకాయన, ఏమైందని ముందు మరాఠీలో అడిగి.

పటేల్‌గారు నోరు తెరిచే లోపల రావు సార్ ముందుకు వచ్చాడు. చొక్కాకు మట్టి, కళ్లు కారానికి ఎర్రగా ఉన్నాయి. మనసులో నేను కరెంటు విభాగానికి తాళం వేసేసుకున్నాను.

"నడుమల ఆగింది" అన్నాడు రావు సార్. "పుస్తకంల ఉన్నంత పోలే. ఎండకాలం సామానేసుకొని పోతే సగం కన్నా జర ఎక్కువ పోతది. అంతే. గోడ మీద నేను పెద్దగ రాయించిన, తప్పే."

ఇన్నేళ్లలో ఆయన ఒక అంకెను తగ్గించి చెప్పడం నేను వినలేదు. వ్యాపారం పోయిందనుకున్నాను. అరుగు మీదివాళ్లలో ఒకాయన ముందుకు జరిగి కూర్చున్నాడు.

"సగమంటే... రోజు బోథ్ దాక పోయి రావొచ్చా? నాకు ఆడ చేను ఉన్నది."

"రోజు పోయి రావొచ్చు. ఇంకా మిగులుతది."

"హైదరాబాద్?"

"నడుమల ఆగాలె. చార్జింగు వెట్టి తీరుబడిగ బువ్వ తినాలె. ఆగుడు ఇష్టం లేనోళ్లు కొనద్దు."

"బువ్వకు ఎట్లన్న ఆగుతం" అన్నాడాయన.

చీకటి పడేదాకా అడుగుతూనే ఉన్నారు. చలికాలం సంగతి, ఘాటు సంగతి, ఇంట్లో ప్లగ్గు సంగతి, ఎర్తు సంగతి. ఎర్తు గురించి మాత్రం పటేల్‌గారే చెప్పాడు, అనుభవం ఉన్న మనిషిలా. తర్వాత ఆ ఆరుగురిలో సగం మంది కొన్నారు, సగం మంది కొనలేదు. కొనని వాళ్లకు ఆ కారు నిజంగానే సరిపడేది కాదు. కొన్నవాళ్లలో ఒక్కరూ నా కౌంటర్ కింద వంగి చూడలేదు. మా ముగ్గురు పిల్లలు ఇప్పటికీ ఆ షెడ్డులోనే పనిచేస్తున్నారు. గోడ మీది అంకె మీద రావు సార్ తెల్ల సున్నం కొట్టించాడు.

కొత్తవాళ్లకు

ఆ రోజు తర్వాత నేను ఎవరికీ ముందుగా అంకె చెప్పలేదు. ముందు అడిగేదాన్ని. రోజూ ఎక్కడికి పోతారు? నడుమ గుట్టలున్నాయా? వెంట ఎవరొస్తారు? వాళ్ల చుట్టాలు ఏమేం ఇచ్చి పంపుతారు? మొదట జనం నవ్వేవాళ్లు. నాలుగో ప్రశ్నకు భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకునేవాళ్లు. అప్పుడు వాళ్ల అంకె వాళ్లకే తెలిసిపోయేది. ప్రతి ఇంటికీ ఒక అంకె ఉంటుంది. కంపెనీ దగ్గర ఒకటే ఉంటుంది. ఆ రెండింటి నడుమ ఉన్నదే మీ ఉద్యోగం.

నేను రిటైరయ్యాక కూడా శాంతాబాయి అప్పుడప్పుడు ఫోను చేస్తుంటుంది. ఆమె కారు నేర్చుకుంది. మొన్న చేసినప్పుడు గొంతు చాలా హుషారుగా ఉంది.

"సుగుణమ్మా, ఒక విచిత్రం చెప్పాలె. ఆయన నడిపితే తక్కువ పోతున్నది, నేను నడిపితే శాన ఎక్కువ పోతున్నది. మొన్న నిర్మల్ పోయి వచ్చిన, ఇంకా మస్తు మిగిలింది."

"మంచిదే కదా బాయీ. మీరు నడిపేటప్పుడు పటేల్ సాబ్ ఎక్కడ కూర్చుంటరు?"

"ఇంట్లనే. బరువు తక్కువైతదని నేనే దించేసిన."